1969 కెమారో జెడ్/28: ఫ్యాక్టరీ భాగాలు అసలువో కాదో ఎలా తేల్చుకోవాలి?

మీరు అడిగింది ఇది: సిన్సినాటి దగ్గర ఒక 1969 షెవర్లే కెమారో జెడ్/28 అమ్మకానికి ఉంది. ఇంజన్, గేర్‌బాక్స్ కారుతో పాటు వచ్చినవేనని, నంబర్లన్నీ కలుస్తాయని అమ్మే ఆయన చెబుతున్నాడు. రుజువుగా రెండు ఫోటోలు పంపాడు. ఒకటి ఇంజన్ మీది పంచింగ్ (లోహం మీద అచ్చుతో కొట్టిన అక్షరాలు), రెండోది ఇంజన్ గది వెనక గోడకు రివెట్ చేసిన చిన్న రేకు. కార్బురేటర్ మాత్రం తర్వాత మార్చినదేమోనని మీ స్నేహితుడు అనుమానపడ్డాడు. డబ్బు కట్టేముందు ఏమేమి చూడాలి, ఏ వరసలో చూడాలి అన్నది మీ సందేహం.

నేను మిచిగన్‌లో ఈ తరం కార్లను విప్పి, బాగుచేసి, తిరిగి బిగించే పనిలో ఉన్నాను. కొనేముందు ఒకసారి చూసిపెట్టమని అడిగేవాళ్లతో వెళ్లడం కూడా నా పనిలో భాగమే. కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను. ఓపిగ్గా చదవండి, మీరు పెట్టబోయేది చిన్న మొత్తం కాదు.

ముందుగా కార్బురేటర్ గురించి దిగులు మానండి. నాలుగు నట్లు విప్పితే ఊడివచ్చే వస్తువు అది. యాభై ఏళ్లు దాటిన కారుకు అది మారి ఉంటే వింత లేదు. మీరు చూడాల్సిన వరస దీనికి పూర్తిగా తలకిందులు: మార్చడానికి అన్నిటికంటే కష్టమైన భాగంతో మొదలుపెట్టి, సులువుగా మారిపోయే భాగంతో ముగించాలి. అంటే బాడీ, ఆ తర్వాత ఇంజన్ బ్లాక్ (సిలిండర్లుండే ఇనుప దిమ్మ), గేర్‌బాక్స్, వెనక యాక్సిల్, అన్నిటి తర్వాత పైపై సామాను. ఇంకో మాట మొదటే చెబుతాను, మిగతాదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. ఏ ఒక్క నంబరూ తనంతట తాను దేన్నీ రుజువు చేయదు. ఈ కారు భాగాలు ఒక్కచోట తయారైనవి కావు. బ్లాక్‌ను మిచిగన్‌లోని సాగినాలో పోత పోశారు, ఇంజన్‌ను ఫ్లింట్‌లో కట్టారు, గేర్‌బాక్స్ ఇండియానాలోని మన్సీలో తయారైంది, ఆల్టర్నేటర్ అదే రాష్ట్రంలోని ఆండర్సన్ నుంచి వచ్చింది. అన్నీ ఒహాయోలోని నార్‌వుడ్ కర్మాగారానికి చేరి కారుగా మారాయి. ప్రతి చోటా ఎవరో ఒకరు తేదీ వేశారు. ఆ తేదీలన్నీ ఒక వరసలో, ఒకదాని వెనక ఒకటిగా, కారు తయారైన రోజు వైపు నడుస్తున్నాయా లేదా అన్నదే మీ అసలు పరీక్ష. నార్‌వుడ్ మీ ఊరి పక్కనే ఉంది, తెలుసు కదా. ఆ కర్మాగారం 1987లో మూతపడింది.

ఇంత గొడవ ఎందుకంటే, జెడ్/28 అన్నది విడిగా ఒక మోడల్ కాదు, ఒక ఆప్షన్ కోడ్, అంటే మామూలు కెమారోకు అదనంగా కోరుకునే ప్యాకేజీ పేరు. అమెరికాలో ట్రాన్స్-యామ్ అనే కార్ల రేసుల్లో ఇంజన్ 305 ఘనపుటంగుళాలు మించకూడదన్న నిబంధన ఉండేది. దానికి సరిపోయేలా షెవర్లే 4 అంగుళాల బోరు (సిలిండర్ వ్యాసం), 3 అంగుళాల స్ట్రోక్‌తో (పిస్టన్ కదిలే దూరం) 302 ఘనపుటంగుళాల ఇంజన్ చేసింది. రేసుకు అర్హత రావాలంటే ఆ కారును మామూలు జనానికీ అమ్మాలి. 1967లో 602 మాత్రమే తయారయ్యాయి. 1969 నాటికి ఆ లెక్క 20,302కు చేరింది. ఆ ఏడాది మోడల్ కెమారోలు మొత్తం 2,43,085. అంటే దాదాపు పన్నెండింటిలో ఒకటి. మిగతా పదకొండింటిలో దేనికైనా చారలు వేసి, బ్యాడ్జీలు అతికించి, కౌల్ ఇండక్షన్ బానెట్ (అద్దం వైపు నుంచి ఇంజన్‌కు గాలి లాగే ఉబ్బు ఉన్నది) తగిలిస్తే చూపులకు జెడ్/28 అయిపోతుంది. ఆ బ్యాడ్జీలూ బానెట్లూ ఈ రోజుకీ కొత్తవి దొరుకుతున్నాయి. అందుకే పైకి కనిపించే ఏ వస్తువునూ రుజువుగా తీసుకోకండి.

ఇప్పుడు విన్ నంబరు, అంటే ప్రతి కారుకూ కంపెనీ ఇచ్చే గుర్తింపు సంఖ్య. 1969 కారుకు అది డ్రైవర్ వైపు, డ్యాష్‌బోర్డు మీద, ముందు అద్దంలోంచి కనబడుతుంది. పదమూడు స్థానాలు. మీ కారుది 124379ఎన్5 అని మొదలవ్వాలి. మొదటి 1 షెవర్లే. తర్వాతి 24 అంటే వి8 ఇంజన్ ఉన్న కెమారో. ఆ చోట 23 ఉంటే కారు ఫ్యాక్టరీ నుంచి ఆరు సిలిండర్లతో వచ్చింది, ఇక మాట్లాడేది లేదు. 37 అంటే కూపే, 67 అంటే కన్వర్టిబుల్. 1969లో జెడ్/28 కూపేగా మాత్రమే వచ్చింది. 9 సంవత్సరం, ఎన్ అంటే నార్‌వుడ్. లాస్ ఏంజెలెస్‌లో తయారైన వాటికి ఎల్ ఉంటుంది. చివరివి కారు వరస సంఖ్య. ఇంతే. జెడ్/28 అని విన్ ఎక్కడా చెప్పదు. ‘విన్ ప్రకారం ఇది అసలు జెడ్/28’ అని ఎవరైనా అన్నారంటే వాళ్లకు తెలియదు, లేదా మీకు తెలియదని అనుకుంటున్నారు.

విన్ పలకను పట్టి ఉంచే రివెట్లను భూతద్దంతో చూడండి. పువ్వు రేకుల్లా ఆరు మడతలున్న ప్రత్యేకమైన రివెట్లు అవి. మామూలు గుండ్రటి రివెట్లు ఉన్నా, చుట్టూ గీతలు పడి ఉన్నా, పలక అంచు వంగి ఉన్నా, అది ఒకసారి ఊడి వచ్చిందని అర్థం. ఆ పువ్వు రివెట్లకు నకళ్లు కూడా అమ్ముతారు కాబట్టి, అవి సరిగ్గా ఉన్నాయని తృప్తిపడి ఆగిపోకూడదు. దాచి ఉంచిన నంబర్ల దగ్గరికి వెళ్లాలి.

1969 కెమారో బాడీ మీద విన్‌లోని చివరి భాగాన్ని నార్‌వుడ్ వాళ్లు మరో రెండు చోట్ల పంచ్ చేశారు. ఒకటి ప్రయాణికుడి వైపు, ముందు అద్దం కింద గాలి జాలీ ఉన్న ప్యానెల్ కింద. రెండోది ఇంజన్ గది వెనక గోడ మీద, హీటర్ పెట్టె వెనక. మొదటిది జాలీ విప్పితే కనబడుతుంది. రెండోదాని కోసం హీటర్ పెట్టె దించాలి, అమ్మేవాళ్లు సాధారణంగా ఒప్పుకోరు. సన్నని గొట్టం కెమెరా ఫోనుకు తగిలించి కొంతవరకు చూడొచ్చు. ఈ రెండూ డ్యాష్‌బోర్డు మీది నంబరుతో కలిస్తే, బాడీ ఫలానాదే అని తేలినట్టు. కలవకపోతే, లేదా ఆ చోట రేకు కొత్తగా వెల్డింగ్ చేసి ఉంటే, ఇంజన్ దగ్గరికి వెళ్లకుండానే అక్కడి నుంచి వచ్చేయండి. డైనాకార్న్ అనే సంస్థ 1969 కెమారో పూర్తి బాడీనే కొత్తగా తయారుచేసి అమ్ముతోంది. అది చట్టబద్ధమైన వ్యాపారమే, మంచి సరుకే. కానీ తుప్పుపట్టిపోయిన పాత కారు పలకను అలాంటి కొత్త బాడీకి బిగించి పాత కారని అమ్మేవాళ్లున్నారు. తెలిసి తెలిసి విన్ పలకను తీయడం, మార్చడం అమెరికాలో ఫెడరల్ నేరం. అలాంటి కారు మీ పేరు మీదికి వస్తే తలనొప్పి కూడా మీ పేరు మీదికే వస్తుంది.

మీకు పంపిన రేకు ఫోటో చూద్దాం. అది బాడీలు తయారుచేసిన ఫిషర్ బాడీ వాళ్లు వేసిన ట్రిమ్ ట్యాగ్, అంటే కారు రంగు, సీట్లు, తయారీ వారం కోడ్‌లలో చెప్పే రేకు. నార్ అని ఉంది, నార్‌వుడ్. 711 అంటే నల్లరంగు మామూలు సీట్లు. 72 72 అంటే కింద, పైన రెండూ హగ్గర్ ఆరెంజ్ రంగు. పైకప్పుకు వినైల్ తొడుగు ఉండుంటే రెండో 72 చోట ఒక అక్షరం వచ్చేది. 02ఎ అంటే ఫిబ్రవరి మొదటి వారం. చివర ఎక్స్33. నార్‌వుడ్‌లో 1968 డిసెంబరు నుంచి ఈ ఎక్స్ కోడ్‌లు వేయడం మొదలుపెట్టారు. జెడ్/28కు సంబంధించినవి రెండు: ఎక్స్33 అంటే స్టైల్ ట్రిమ్ ప్యాకేజీ (బయటి మెరుపు పట్టీల అలంకరణ) కూడా ఉన్న జెడ్/28, ఎక్స్77 అంటే అది లేని జెడ్/28. లాస్ ఏంజెలెస్ ట్యాగ్ మీద ఎక్స్ కోడ్ కనబడితే ఆ ట్యాగ్ నకిలీ. మీది నార్‌వుడ్, తేదీ ఫిబ్రవరి, కాబట్టి కోడ్ ఉండడం సరైనదే.

సంతోషించే విషయమే, అయితే ట్యాగ్‌లు కూడా కొత్తవి చేసి అమ్ముతారు. కాబట్టి ట్యాగ్ చెప్పే మాటను బాడీ కూడా చెబుతోందా చూడండి. స్టైల్ ట్రిమ్ ఉన్న కారుకు చక్రాల వంపుల అంచున మెరిసే పట్టీలు, కప్పు అంచున వాన నీరు పోయే గాడి మీద మెరుపు పట్టీ ఉండాలి. మీ కారుకు ఆ పట్టీలు లేవనుకోండి, చక్రాల వంపు లోపలి అంచు తడిమి స్క్రూ రంధ్రాల జాడ ఉందేమో వెతకండి. రంధ్రాలే ఎప్పుడూ లేని అసలు ఫెండర్ మీద ఎక్స్33 ట్యాగ్ ఎలా వచ్చిందో అమ్మే ఆయన చెప్పాలి. అలాగే రంగు: డిక్కీలో మ్యాట్ కింద, డ్యాష్‌బోర్డు కింద, తలుపు లైనింగ్ వెనక నారింజ రంగు కనబడాలి. పైన నారింజ, లోపల నీలం ఉంటే ట్యాగ్ వేరే కారుది.

బాడీ మీద ఇంకా కొన్ని సంగతులు జెడ్/28ను పట్టిస్తాయి. ఆ కారుకు ఏసీ ఇవ్వలేదు, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఇవ్వలేదు. ఏసీ కారుకు ఇంజన్ గది గోడ మీద హీటర్ పెట్టె అమరిక వేరుగా ఉంటుంది. ఆ ఆనవాళ్లు ఉన్నా, ఆటోమేటిక్ కార్లకుండే వెడల్పాటి బ్రేక్ పెడల్ ఉన్నా, మరో కెమారోను మార్చారని గట్టి అనుమానం పెట్టుకోవాలి. పెట్రోలు గొట్టం కొలవండి. చిన్న ఇంజన్ కెమారోలకు 5/16 అంగుళాల గొట్టం, జెడ్/28కు 3/8 అంగుళాలది. నకలు కట్టేవాళ్లు ఇంజన్ మారుస్తారు, బ్యాడ్జీలు మారుస్తారు గానీ ట్యాంకు నుంచి ముందుకు వచ్చే ఆ గొట్టం చాలామందికి గుర్తురాదు.

ఇక ఇంజన్ మీది పంచింగ్. డబ్బంతా ఇక్కడే చేతులు మారుతుంది కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను.

ప్రయాణికుడి వైపు సిలిండర్ హెడ్‌కు ముందు, ఆల్టర్నేటర్ కింద, బ్లాక్‌లోనే భాగంగా ఒక చదునైన చోటు ఉంటుంది. మీ ఫోటోలో వి0124డీజెడ్ అని ఉంది. వి అంటే ఫ్లింట్ ఇంజన్ కర్మాగారం, 0124 అంటే జనవరి 24, డీజెడ్ అంటే 1969 జెడ్/28 కోసం కట్టిన 302 ఇంజన్. దాని పక్కన 19ఎన్5తో మొదలయ్యే విన్ ముక్క ఉండాలి. 1 షెవర్లే, 9 సంవత్సరం, ఎన్ నార్‌వుడ్, ఆపై కారు వరస సంఖ్య. 1969లో ఈ విన్ ముక్కను కొన్ని కార్లకు ఆ చదును మీద, కొన్నింటికి ఆయిల్ ఫిల్టర్ దగ్గర గరుకు ఇనుము మీద కొట్టారు. మీ ఫోటోలో అది కనబడటం లేదు. అంతమాత్రాన మోసమని అనుకోవద్దు, ఫిల్టర్ దగ్గర చూడండి.

ఆ చదునును శుభ్రం చేసే పని మీరే చేయండి. బ్రేక్ క్లీనర్ చల్లి, మెత్తని బ్రష్‌తో నూనె జిడ్డు మాత్రం వదిలించాలి. గరుకు కాగితం, ఇనుప బ్రష్ ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. మీరు చూడబోయే సాక్ష్యం వెంట్రుకంత సన్నని గీతల్లో ఉంది, ఒక్క రుద్దుతో పోతుంది. ఆ తర్వాత టార్చిని ఎదురుగా కాకుండా, పక్కనుంచి దాదాపు నేలబారుగా పట్టండి. అప్పుడు ఇంజన్ పొడవునా ముందు నుంచి వెనక్కి సాగే సన్నని సమాంతర గీతలు కనబడతాయి. ఫ్యాక్టరీలో బ్లాక్ పైభాగాన్ని పెద్ద బ్రోచ్ యంత్రంతో ఒకే దెబ్బలో చదును చేసినప్పుడు పడిన గీతలవి. ఇంజన్ రిపేరుకు వచ్చినప్పుడు బయటి వర్క్‌షాపుల్లో తిరిగే కత్తితో చదును చేస్తే గీతలు వంపు తిరుగుతాయి, లేదా నున్నగా అయిపోతాయి.

ఫ్యాక్టరీలో ముందు గీతలు పడ్డాయి, ఆ తర్వాత అక్షరాలు కొట్టారు. కాబట్టి అసలు పంచింగ్‌లో గీత అక్షరం అంచు దాకా వచ్చి, దెబ్బకు నలిగి ఆగుతుంది. అక్షరం చుట్టూ లోహం సన్నగా ఉబ్బి ఉంటుంది. పాత నంబరు చెరిపి కొత్తది కొట్టి, ఆ పైన గరుకు కాగితంతో గీతలు గీసినవాడి పనిలో గీతలు ఆ ఉబ్బు మీదుగా పోతాయి, ఉబ్బు పైభాగం కోసుకుపోయి ఉంటుంది. పది రెట్లు పెద్దది చేసే భూతద్దం చాలు, ఈ తేడా కనబడుతుంది.

ఇంకో ఆనవాలు. ఇంజన్ కోడ్ ఫ్లింట్‌లో కొట్టినది, విన్ ముక్క నార్‌వుడ్‌లో కొట్టినది. ఊళ్లు వేరు, మనుషులు వేరు, పనిముట్లు వేరు. అచ్చులను ఒక పట్టీలో బిగించి ఒకేసారి కొట్టేవాళ్లు కాబట్టి ఒక్కో వరస లోపల అక్షరాలు కుదురుగా ఉంటాయి. కానీ రెండు వరసలూ ఒకదానితో ఒకటి సరిగ్గా ఒకే రేఖ మీద ఉండవు, అక్షరాల ఆకారం, లోతు కూడా ఒకేలా ఉండవు. రెండింటి అక్షరాలూ ఒకే చేతి పనిలా, ఒకే లోతులో, చక్కగా ఒకే రేఖ మీద కనబడితే నేను అనుమానిస్తాను. ఒక్కో అక్షరం విడివిడిగా కొట్టినట్టు ఎగుడుదిగుడుగా ఉన్నా అనుమానిస్తాను.

చదును చూసి ఊరుకోకుండా బ్లాక్ వెనక్కి వెళ్లాలి. అక్కడ, గేర్‌బాక్స్ కలిసే అంచు మీద, డ్రైవర్ వైపు పోత నంబరు ఉబ్బెత్తుగా ఉంటుంది. 1969 నాటి 302కు 3956618, 3932386, 3970010 అనే నంబర్లు సరిపోతాయి. ప్రయాణికుడి వైపు పోత తేదీ ఉంటుంది: నెలకు ఒక అక్షరం, తర్వాత రోజు, చివర సంవత్సరంలోని ఆఖరి అంకె. ఎ149 అంటే జనవరి 14, 1969. ఇంజన్‌కు, వెనక గోడకు మధ్య చోటు ఇరుకు, పైగా డిస్ట్రిబ్యూటర్ అడ్డు. చిన్న అద్దం, టార్చి, గుడ్డ ముక్క తీసుకెళ్లండి. చాలామంది కొనుగోలుదారులు బద్ధకించే చోటు ఇదే. అమ్మేవాళ్లు ఫోటో పంపని చోటూ ఇదే.

ఒకాయన కోసం నేను చూసిన ఒక కారు చెబుతాను. చదును మీద వి0213డీజెడ్ అని ఉంది. గీతలున్నాయి, అక్షరాలు బాగున్నాయి, విన్ ముక్క కారుతో కలిసింది. చుట్టూ నిలబడ్డవాళ్లంతా అసలు కారని తేల్చేశారు. నేను అద్దం పెట్టి వెనక చూస్తే పోత తేదీ సి119. మార్చి 11. ఫిబ్రవరి 13న ఇంజన్ కట్టామంటున్నారు, ఆ ఇంజన్ బ్లాక్‌ను పోత పోసింది మార్చి 11న! పుట్టని బ్లాక్‌తో ఇంజన్ కట్టడం ఏ ఫ్యాక్టరీ తరమూ కాదు. చదును మీద ఎంతో నేర్పుగా పనిచేసినవాడికి వెనక తేదీ మార్చడం సాధ్యం కాలేదు, ఎందుకంటే అది పోతలోనే ఉబ్బెత్తుగా వచ్చినది. కొట్టిన అక్షరం కంటే పోతలో వచ్చిన అక్షరం ఎప్పుడూ గట్టి సాక్షి. అమ్మే ఆయనకు చూపించాను. ఆయన కూడా మరొకరి దగ్గర మోసపోయి కొన్నవాడే, నిజంగా బాధపడ్డాడు. నాకూ బాధగానే ఉంది, కానీ ఆ అబద్ధాన్ని ఇంకొకరికి అంటగట్టడానికి నేను తోడుపడలేను.

మీ ఇంజన్ జనవరి 24న కట్టినది కాబట్టి పోత తేదీ జనవరిలోనో, అంతకుముందు డిసెంబరులోనో ఉండాలి. కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల దాకా తేడా సహజం. ఒక జాగ్రత్త: సంవత్సరం ఒక్క అంకె మాత్రమే కాబట్టి 9 అంటే 1979 కూడా కావచ్చు. 3970010 నంబరు బ్లాక్‌లు డెబ్బైల పొడుగునా పోత పోశారు. ఆ నంబరు కనబడితే ఈ చిక్కు గుర్తుపెట్టుకోండి.

సిలిండర్ హెడ్లు త్వరగా చెప్పేస్తాను. వాటి కొనల మీద జంట మూపురాల్లాంటి గుర్తు ఉంటుంది, పోత నంబరు 3927186 సాధారణం. 1969 హెడ్లకు కొనల్లో బోల్టు రంధ్రాలుంటాయి, అంతకుముందు వాటికి ఉండవు. రంధ్రాలు లేని హెడ్లుంటే అవి పాత కారువి.

గేర్‌బాక్స్ చాలామంది మరిచిపోతారు గానీ నాకు అది ప్రీతిపాత్రమైన సాక్షి, ఎందుకంటే నకిలీ చేసేవాళ్లు దాని మీద అంత శ్రమ పెట్టరు. కారు కిందికి దూరితే మన్సీ బాక్స్ ఒంటి మీద పి9ఎ20బి లాంటి పంచింగ్ కనబడుతుంది. పి మన్సీ, 9 సంవత్సరం, ఎ జనవరి, 20 తేదీ. చివరి అక్షరం బాక్స్ రకం చెబుతుంది: ఎ అయితే ఎం20, బి అయితే ఎం21, సి అయితే ఎం22. దాంతో పాటు విన్ ముక్క కూడా ఉండాలి. ఇంజన్ మీది విన్ ముక్క, గేర్‌బాక్స్ మీది విన్ ముక్క రెండూ కారుతో కలిస్తే మీ అదృష్టం పండినట్టే. నెల అక్షరాల దగ్గర మాత్రం తికమక పడకండి. బ్లాక్ పోతలో వరసగా ఎ నుంచి ఎల్ దాకా పన్నెండు నెలలు. మన్సీలో ఆ వరస కాదు: ఎ, బి, సి, డి, ఇ తర్వాత జూన్‌కు హెచ్, జూలైకి కె, ఆగస్టుకు ఎం, ఆపై పి, ఆర్, ఎస్, టి. బ్లాక్ మీద కె అంటే నవంబరు, మన్సీ మీద కె అంటే జూలై. ఇది తెలియక మంచి కారును వదిలేసుకున్నవాళ్లున్నారు.

వెనక యాక్సిల్‌కు మూత మీద పన్నెండు బోల్టులుండాలి. ప్రయాణికుడి వైపు గొట్టం ముందు ముఖాన కోడ్, తేదీ పంచ్ చేసి ఉంటాయి. తుప్పు, రంగు కింద దాగి ఉంటే మెల్లగా తుడిచి చూడాలి. వేరే నిష్పత్తి కోరకపోతే జెడ్/28కు 3.73 వచ్చేది, అంటే 41 పళ్ల చక్రం, 11 పళ్ల పినియన్. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు తప్పనిసరి.

పైపై సామానుకు వచ్చాం. అసలు కార్బురేటర్ హోలీ కంపెనీది, 780 సీఎఫ్ఎం (నిమిషానికి అన్ని ఘనపుటడుగుల గాలి), గాలి మూతి ముందు లిస్ట్ 4053, జీఎం (షెవర్లే మాతృసంస్థ జనరల్ మోటార్స్) నంబరు 3923289 ఉండాలి. వాటి కింద మూడు గుర్తుల తేదీ: సంవత్సరం, నెల, వారం. డిస్ట్రిబ్యూటర్ నంబరు 1111480. ఆల్టర్నేటర్ మీద 9ఎ10 లాంటి తేదీ. ఇన్‌టేక్ మానిఫోల్డ్ మీద వింటర్స్ పోతశాల గుర్తుగా మంచు రేణువు బొమ్మ. ఇవన్నీ ఉంటే బాగు, మీ కారు ఫిబ్రవరిది కాబట్టి వీటి తేదీలు దానికి కొంచెం ముందుగా ఉంటే ఇంకా బాగు. కానీ పాత సామాను సంతల్లో సరైన తేదీ ఉన్న భాగాలు ఏరి కొని బిగించడం ఈ లోకంలో మామూలే, అందులో తప్పేమీ లేదు. అవి కారు నాణ్యతను పెంచుతాయి, కారు పుట్టుకను రుజువు చేయవు. మీ స్నేహితుడి అనుమానం నిజమే అయినా, ఆ మేరకు ధరలో కొంత తగ్గించమని అడగండి, అంతే.

రేకు పని గురించి ఒక్క మాట. ముందు ఫెండర్లు బోల్టులతో ఊడివస్తాయి, మారి ఉండొచ్చు. వెనక క్వార్టర్ ప్యానెళ్లు మాత్రం వెల్డింగ్ చేసినవి. డిక్కీ తెరిచి రబ్బరు పట్టీ లాగి చూస్తే ఫ్యాక్టరీ స్పాట్ వెల్డింగ్ గుంటలు వరసగా కనబడాలి. వాటి చోట అరగదీసిన వెల్డింగ్ ముద్దలు ఉంటే ప్యానెల్ మారింది. మెత్తని గుడ్డ చుట్టిన అయస్కాంతం పెట్టి పుట్టీ ఎక్కడెక్కడ ఉందో చూడండి. ఒహాయోలో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి ప్యానెళ్లు మారి ఉండటం తప్పు కాదు. మారలేదని చెప్పి అమ్మడం తప్పు.

కాగితాల విలువ ఎక్కువ, ఎందుకంటే అమెరికాలో అమ్మిన షెవర్లే కార్లకు ఏ ఆప్షన్లు వేశారో కంపెనీని అడిగి తెలుసుకునే దారి లేదు. పాంటియాక్ కొనేవాళ్లకు ఫ్యాక్టరీ రికార్డుల నకళ్లిచ్చే పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ ఉంది, 1967 నుంచి ఫోర్డ్ కార్లకు అలాంటి వివరాలిచ్చే మార్టీ రిపోర్టు దొరుకుతుంది. ఫోర్డ్, క్రైస్లర్ కార్ల విన్‌లోనే ఐదో అక్షరం ఇంజన్ ఏదో చెప్పేస్తుంది. కెనడాలో అమ్మిన షెవర్లే అయితే జీఎం కెనడా నుంచి వివరాలు తెప్పించుకోవచ్చు. మీకు ఆ సౌకర్యం లేదు కాబట్టి మొదటి యజమానికి ఇచ్చిన వారంటీ పుస్తకం, అందులో అతికించిన ప్రొటెక్ట్-ఓ-ప్లేట్ అనే లోహపు పలక ఉన్నాయేమో అడగండి. దాని మీద విన్, ఇంజన్, గేర్‌బాక్స్, యాక్సిల్ కోడ్‌లు ఉబ్బెత్తుగా ఉంటాయి. ఫ్యాక్టరీ బిల్డ్ షీట్ కొన్ని కార్లలో పెట్రోలు ట్యాంకు పైన, వెనక సీటు స్ప్రింగుల మధ్య ఇరుక్కుని ఇప్పటికీ దొరుకుతుంది. ఈ రెండింటికీ నకళ్లున్నాయి. కాబట్టి కాగితం చెప్పే తేదీలు, కోడ్‌లు మీరు ఇనుము మీద చదివినవాటితో కలవాలి. కాగితం ఒకటి, ఇనుము ఒకటి చెబితే ఇనుమునే నమ్మండి. పాత యజమానుల పేర్లు, 1970ల నాటి రిపేరు బిల్లులు, అప్పటి ఫోటోలు ఉంటే మరీ మంచిది. అలాంటి మామూలు కాగితాలను దొంగగా తయారుచేయాలని ఎవరికీ తోచదు.

ఇవన్నీ చూశాక ఇంజన్ అసలుది కాదని తేలినా కారును కొట్టిపారేయకండి. వారంటీలో ఇంజన్ పోతే కంపెనీయే కొత్త బ్లాక్ ఇచ్చేది, దాని మీద సీఈ అని మొదలయ్యే నంబరు ఉంటుంది. 302ను విపరీతంగా తిప్పి పరుగెత్తించేవాళ్లు, పేలిపోవడం మామూలే. కొన్ని బ్లాక్‌లు నిజాయితీగా చేసిన రిపేరులో చదును అరిగి నంబరు పోగొట్టుకున్నాయి. ఖాళీ చదును నాకు ఇబ్బంది కాదు, దాని మీద కొత్తగా కొట్టిన నంబరే ఇబ్బంది. దాచిన విన్‌లు కలిసి, ట్యాగ్ నిజమైనదై, బాడీ జెడ్/28దే అయితే, ఇంజన్ మారినా అది జెడ్/28నే. ధర మాత్రం ఇంజన్ మారిన కారు ధరలా ఉండాలి. ఈ రెండు ధరల మధ్య వేల డాలర్ల తేడా ఉంటుంది. రుజువైన దానికే డబ్బు కట్టండి, అమ్మే ఆయన నమ్మకానికి కట్టవద్దు.

ఇప్పుడు ఆయనను ఈ ఫోటోలు అడగండి: బ్లాక్ వెనక పోత నంబరు, పోత తేదీ; ఆయిల్ ఫిల్టర్ దగ్గరి విన్ ముక్క; గేర్‌బాక్స్ మీది రెండు పంచింగులు; యాక్సిల్ గొట్టం మీది కోడ్; గాలి జాలీ కింది దాచిన విన్; పక్కనుంచి వెలుతురు పడేలా తీసిన చదును ఫోటో. నిజాయితీ ఉన్న మనిషి అయితే ఒక ఆదివారం పని, తీసి పంపిస్తాడు. ‘నంబర్లు కలుస్తాయి’ అంటే ఏ ఏ నంబర్లు అన్నది కూడా రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. కొందరికి ఇంజన్ కోడ్ రకం సరిపోతే చాలు, విన్ ముక్క కలవకపోయినా కలిసిందనే అంటారు. జాలీ విప్పడానికి, కారును లిఫ్ట్ మీద పెట్టి చూడటానికి ఒప్పుకుంటేనే అడ్వాన్సు ఇవ్వండి. ఫోటోలు రాగానే ఇక్కడ పెట్టండి, ముఖ్యంగా పోత తేదీ, గేర్‌బాక్స్ పంచింగ్. జనవరి 24కూ ఫిబ్రవరి మొదటి వారానికీ అవి ఎలా పొసుగుతున్నాయో చూసి రాస్తాను.